జీర ఎక్కడ పుడుతుంది? వాల్వు గిటారు యాంప్లిఫైయరును మనకు కావలసిన గొంతుకు తెచ్చుకోవడం

(ఒంగోలులో గిటారు, కీబోర్డు వాయించే కుర్రాళ్ల ముందు, ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాన్లు కాస్త తగ్గించండి నాయనా. ఉక్కగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఇవాళ మనం చప్పుడులో ఉండే చిన్న చిన్న తేడాల గురించి మాట్లాడుకోబోతున్నాం. ఫ్యాను హోరులో అవి తెలియవు.

ఈ బల్ల మీద ఉన్న పెట్టె చూడండి. దీన్ని ఇప్పుడే ఆన్ చేశాను. వెనకవైపు నుంచి చూస్తే మూడు గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతుంటాయి. వాటినే మనం వాల్వులంటాం, అమెరికా వాళ్లు ట్యూబులంటారు. మీ తాతల కాలం నాటి రేడియోలో ఉండేవి ఇవే. స్విచ్ వేశాక అర నిమిషం ఆగితే గానీ పాట వచ్చేది కాదు, గుర్తుందా? గుర్తుండదులే, మీరంతా చిన్నవాళ్లు. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు గుర్తుంటుంది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఆ రోజుల్లో ఈ రేడియో వాల్వులు తయారుచేసేవాళ్లు. నేను పని నేర్చుకున్నది వాటి మీదే.

ఈ పెట్టె మాత్రం రేడియో కాదు, గిటారు యాంప్లిఫైయరు. కిట్టుగా వచ్చింది. అంటే రేకు పెట్టె, ట్రాన్స్‌ఫార్మర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ పొట్లాలు కట్టి పంపుతారు, మనం కూర్చుని టంకం పెట్టుకోవాలి. సర్క్యూటు కొత్తదేమీ కాదు. ఫెండర్ కంపెనీ 1950ల్లో చాంప్ అనే చిన్న యాంప్లిఫైయరు చేసింది. అందులో 5ఎఫ్1 అనే నమూనా ఇది. ముందు 12ఏఎక్స్7 వాల్వు ఒకటి, చివర 6వి6 ఒకటి, కరెంటును డీసీగా మార్చడానికి 5వై3 ఒకటి. మొత్తం కలిపి 5 వాట్ల దగ్గర. వాల్యూమ్ తిప్పే నాబ్ ఒక్కటే ఉంటుంది. ట్రెబుల్ లేదు, బాస్ లేదు.

ఇంత చిన్నదాని గురించి గంటసేపు మాట్లాడేది ఏముంటుంది? ఉంటుంది. చిన్నది కాబట్టే ఏది మారిస్తే ఏమైందో చెవికి నేరుగా తెలుస్తుంది.

ముందు నాకు ఏ గొంతు కావాలనుకున్నానో చెబుతాను. ఎందుకంటే అది తెలియకుండా టంకం కడ్డీ పట్టుకోకూడదు. మా ఊళ్లో తిరునాళ్లకు పద్యనాటకాలు పెట్టేవాళ్లు. ఆ పద్యం పాడే ఆయన్ని ఒకసారి తలుచుకోండి. మొదటి పాదం నెమ్మదిగా ఎత్తుకుంటాడు, గొంతు నీళ్లలా ఉంటుంది. మూడో పాదానికి వచ్చేసరికి శ్రుతి పెంచుతాడు, గొంతులో జీర మొదలవుతుంది. రాగం తీసేటప్పుడు ఆ జీర గొంతంతా నిండుతుంది. మళ్లీ కిందికి దిగగానే నీళ్లలా అయిపోతుంది. మధ్యలో ఎక్కడా స్విచ్ వేసినట్టు ఉండదు. అవునా? ఎక్కడ మొదలైందో చెప్పలేం, ఎక్కడ ఆగిందో చెప్పలేం.

నాకు గిటారులో అది కావాలి. వేలితో మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే జీరగా. వాల్యూమ్ ముట్టుకోకుండా, పెడలు తొక్కకుండా, చెయ్యి బరువుతోనే రావాలి.

గిటారు వాళ్లు దీనికి ఓవర్‌డ్రైవ్ అని, క్రంచ్ అని పేర్లు పెట్టారు. ఆ మాటలు పట్టుకుని నేను చాలా రోజులు తిరిగాను, పని జరగలేదు. జీర అన్న మాట దొరికాక పని జరిగింది. మీరూ మీ మాట వెతుక్కోండి. బొంగురుగా ఉందా, కీచుగా ఉందా, ముక్కుతో పాడినట్టుందా, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుందా? ఇవన్నీ గొంతుకు మనం ఎప్పటి నుంచో వాడుకునే మాటలు. ఒక్కో మాటకు ఈ పెట్టెలో ఒక్కో చోటు ఉంది. అది ఇప్పుడు చూపిస్తాను.

దానికన్నా ముందు ఒక్క సంగతి. ఇది నవ్వుతూ చెప్పే సంగతి కాదు. ఈ పెట్టె లోపల 350 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఉంటుంది. కెపాసిటర్లు దాన్ని దాచుకుంటాయి. పీకేశాం కదా అని చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. నేనేం చేస్తానంటే, ప్లగ్గు పీకి, 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టరుకు రెండు వైపులా మంచి తొడుగున్న వైర్లు అతికించి పెట్టుకున్నాను, దానితో పెద్ద కెపాసిటర్లను ఒక్కొక్కటే ఖాళీ చేస్తాను. తర్వాత మీటరు పెట్టి చూస్తాను. మీటరు సున్నా దగ్గరికి వచ్చిందని కళ్లతో చూశాకే చెయ్యి పెడతాను. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో ఉంటుంది. ఎర్త్ పిన్ను లేని ప్లగ్గుతో దీన్ని ఎప్పుడూ వాడకూడదు, ఎందుకంటే గిటారు తీగలు ఈ రేకు పెట్టెకే కలిసి ఉంటాయి. ఇంకొకటి, స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫైయరును వాయించకూడదు. స్పీకరుకు శబ్దాన్ని అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. ఇవి రాసుకోండి. మిగతావి రాసుకోకపోయినా ఫరవాలేదు.

సరే. కిట్టు కొనేటప్పుడు మనవాళ్లు చూడాల్సింది కరెంటు. ఇవి ఎక్కువగా అమెరికా వాళ్ల కోసం చేసినవి. అక్కడ 120 వోల్టులు, 60 సైకిళ్లు, అంటే సెకనుకు అరవై ఊపులు, మీ పుస్తకాల్లో హెర్ట్జ్ అనేది అదే. మనకు 230, 50. పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు 230 గానీ 240 గానీ ప్రైమరీ, అంటే కరెంటు లోపలికి వచ్చే వైపు చుట్ట, ఉందా, 50 సైకిళ్లకు పనికొస్తుందా అని అడిగి తెప్పించుకోవాలి. 60కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మరు 50 మీద వేడెక్కిపోతుంది.

అది సరిగ్గానే తెప్పించుకున్నాను నేను. అయినా ఒక చిక్కు వచ్చింది. మా ఇంటి దగ్గర సాయంత్రం ఒక వోల్టేజీ, అర్ధరాత్రి ఒక వోల్టేజీ. రాత్రి పన్నెండు దాటాక 245 చూపించేది మీటరు. గోడలో వోల్టేజీ పెరిగితే పెట్టె లోపల కూడా అదే లెక్కలో పెరుగుతుంది. ఒక రాత్రి కూర్చుని కొలిచాను. 6వి6 కాథోడ్ దగ్గర, అంటే వాల్వులో ఎలక్ట్రాన్లు బయలుదేరే కొస దగ్గర, 22 వోల్టులు. అక్కడున్న రెసిస్టరు 470 ఓములు. భాగిస్తే ఎంత? లెక్క చెప్పండి తమ్ముళ్లూ. దాదాపు 47 మిల్లీఆంపియర్లు. అందులో మధ్యలో ఉండే స్క్రీను అనే జాలీ తీసుకునేది రెండు మూడు మినహాయిస్తే, ఆ ఎలక్ట్రాన్లు చివరికి చేరే ప్లేటుకు 44 అనుకోండి. ప్లేటుకు, కాథోడుకు మధ్య 345 వోల్టులు. గుణిస్తే 15 వాట్లు దాటింది. ఆ వాల్వు ప్లేటు మోయగలిగేది 12 నుంచి 14. అంటే అది మెల్లగా ఉడుకుతోందన్నమాట. దీపాలార్పి చూస్తే ప్లేటు మీద ఎర్రటి మచ్చ కనపడింది.

470 తీసి 680 ఓములు పెట్టాను. కరెంటు తగ్గింది, లెక్క 12 వాట్ల దగ్గరికి వచ్చింది, ఎర్రమచ్చ పోయింది. చూశారా, ఇంకా గొంతు సంగతికి రాలేదు. కానీ ఈ పని చెయ్యకుండా గొంతు సంగతికి వెళ్లకూడదు. ఒంట్లో బాగాలేని మనిషి చేత పద్యం పాడించి, గొంతు బాగాలేదని అంటే ఎట్లా?

రెండో చిక్కు ఈల. మొదటిసారి అంతా బిగించి ఆన్ చేశాను. అర నిమిషం నిశ్శబ్దం. తర్వాత కుక్కరు ఈల లాంటి చప్పుడు, చెవులు చిల్లులు పడేలా. గిటారు తగిలించకుండానే! మా అక్క కొడుకు పక్కనే ఉన్నాడు, వాడు కందుకూరులో చర్చిలో గిటారు వాయిస్తాడు. "ఏంది మామా, ఇట్టా అరుస్తోంది?" అన్నాడు. రెండు రోజులు పట్టింది నాకు. కారణం తెలిశాక మాత్రం, ఈ సర్క్యూటులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి నాకు అర్థమైంది.

ఏమిటంటే, ఈ సర్క్యూటులో స్పీకరు దగ్గరి నుంచి ఒక వైరు వెనక్కి వస్తుంది. 22 కిలో ఓముల రెసిస్టరు గుండా, 12ఏఎక్స్7లో శబ్దాన్ని పెంచే రెండో దశ కాథోడుకు కలుస్తుంది. బయటికి పోయే శబ్దంలో కొంచెం తెచ్చి, లోపలికి వచ్చే శబ్దానికి ఎదురుగా పెడుతుంది. దీన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. పాడేవాడు తన గొంతు తను వింటూ సరిచేసుకున్నట్టు అనుకోండి. యాంప్లిఫైయరు తప్పు పోతే ఆ తప్పు వెనక్కి వచ్చి దాన్ని దిద్దుతుంది. కానీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వైర్లు రెండూ తారుమారైతే? ఎదురు పెట్టాల్సినది తోడవుతుంది. దిద్దాల్సినది ఎగదోస్తుంది. అదే ఈల. ఆ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ వైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. ఈల పోయింది. మీలో ఎవరైనా కిట్టు కట్టి, ఇట్లా ఈల వస్తే భయపడకండి. వాల్వు చెడిపోలేదు. వెంటనే ఆపేసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, వైర్లు మార్చండి.

హమ్, అంటే వాయించకపోయినా వెనక వినపడే గుంయ్ మనే మోత, దాని గురించి కూడా ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్తాను. హమ్ రెండు రకాలు. వాల్వును వేడిచేసే ఫిలమెంటు వైర్ల నుంచి వచ్చేది 50 సైకిళ్లు. డీసీ సరిగ్గా వడకట్టకపోతే వచ్చేది 100 సైకిళ్లు. చెవితో ఎలా పట్టుకోవాలి? గిటారు మందపు తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటండి. అది 98 సైకిళ్లు, జి స్వరం. మీ హమ్ దానితో కలుస్తుంటే డీసీ వైపు వెతకండి, కెపాసిటర్లు చూడండి. దానికన్నా ఒక స్థాయి కింద ఉంటే ఫిలమెంటు వైర్లను గట్టిగా మెలిపెట్టి రేకు మూలకు నొక్కండి. అమెరికా పుస్తకాల్లో 60, 120 అని ఉంటుంది. అది వాళ్ల కరెంటు, మన కరెంటు కాదు.

ఇప్పుడు గొంతు.

కిట్టు కాగితంలో ఉన్నది ఉన్నట్టు కట్టాక ఒక నెల రోజులు ఏమీ మార్చలేదు నేను. మీరు కూడా మార్చకండి. దాని అసలు గొంతు చెవికి పట్టాలి. నెల తర్వాత నోటుబుక్కులో రాసుకున్నాను: శుభ్రంగా ఉంది, మర్యాదగా ఉంది. వాల్యూమ్ మూడొంతులు తిప్పినా జీర రావడం లేదు, వచ్చినప్పుడు ఒక్కసారిగా వచ్చి పడుతోంది. నాకు కావలసింది ఇది కాదు.

మొదటి చోటు, మొదటి దశ కాథోడు. 12ఏఎక్స్7 లోపల నిజానికి రెండు వాల్వులుంటాయి, రెండు దశలన్నమాట. మొదటి దశ కాథోడు కింద 1.5 కిలో ఓముల రెసిస్టరు ఒక్కటే ఉంది. అది కూడా ఒక రకం దిద్దుబాటే, వాల్వు తనను తాను అదుపులో పెట్టుకుంటుంది. అట్లా ఉన్నప్పుడు ఆ దశ గిటారు శబ్దాన్ని దాదాపు 30 రెట్లు పెంచుతుంది. ఆ రెసిస్టరు మీద అడ్డంగా ఒక కెపాసిటరు పెడితే అదుపు తప్పుకుంటుంది, 60 రెట్లు అవుతుంది. రెట్టింపు! ఐదు రూపాయల వస్తువు. ఇంతకంటే చవకగా ఇంత తేడా ఇంకెక్కడా రాదు.

కానీ ఏ కెపాసిటరు? అక్కడే ఉంది అంతా. 25 మైక్రోఫారడ్ పెట్టాను ముందు, చాలామంది అదే పెడతారు. శబ్దం బలిసింది, బాగుందనిపించింది. మర్నాడు పొద్దున వింటే మందపు తీగలు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నాయి. ఎందుకు? అంత పెద్ద కెపాసిటరు కింది స్వరాలను, పై స్వరాలను అన్నిటినీ రెట్టింపు చేస్తుంది. గిటారు అడుగు స్వరం 82 సైకిళ్లు, దానికి అంత బలం పనికిరాదు. తర్వాత 0.68 పెట్టాను. అది 300 సైకిళ్ల పైనున్నవాటినే బాగా లేపుతుంది. ఈసారి ముక్కుతో పాడినట్టుంది. కొందరికి అదే ఇష్టం, మార్షల్ యాంప్లిఫైయర్లలో ఆ విలువే వాడారు. తప్పని నేననను, నా పద్యం పాడే ఆయన మాత్రం కాదు. చివరికి 1 మైక్రోఫారడ్ దగ్గర ఆగాను. 200 సైకిళ్ల దగ్గర మొదలవుతుంది. మందపు తీగలకు మునుపటి బలమే, మధ్య తీగలకు గుండె నిండా ఊపిరి.

ఒక హెచ్చరిక. ఉత్సాహంలో రెండో దశ కాథోడుకు కూడా ఇదే పని చెయ్యకండి. ఫీడ్‌బ్యాక్ వైరు వచ్చి కలిసేది అక్కడే. అక్కడ కెపాసిటరు పెడితే ఆ ఫీడ్‌బ్యాక్ అంతా నేలపాలవుతుంది. ఫీడ్‌బ్యాక్ తీసేయాలంటే తీసేయండి, కానీ తెలిసి తీసేయండి.

రెండో చోటు, ఆ ఫీడ్‌బ్యాకే. జీర ఒక్కసారిగా వచ్చి పడుతోందని చెప్పాను కదా. దానికి కారణం ఇదే. ఫీడ్‌బ్యాక్ ఉన్నంతసేపు తప్పులను దిద్దుతూ ఉంటుంది, అందుకే శుభ్రంగా ఉంటుంది. 6వి6 ఇక నావల్ల కాదు అనే చోటు వచ్చేసరికి దిద్దడానికి ఏమీ మిగలదు, ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అందుకే ఆ స్విచ్ వేసినట్టు ఉండడం. ఆ వైరు ఊడదీశాను. ఎంత మార్పనుకున్నారు! జీర ముందుగా మొదలైంది, మెల్లగా మొదలైంది, వేలి బరువును బట్టి పెరిగింది. ఆ రోజు నేను రాత్రి రెండింటి దాకా వాయిస్తూనే ఉన్నాను, నాకు సరిగా వాయించడం కూడా రాదు.

అయితే దానికి ఖర్చు ఉంది. ఫీడ్‌బ్యాక్ స్పీకరు కాగితాన్ని కూడా అదుపులో పెడుతుంది. అది లేకపోతే కింది స్వరాలు వదులుగా ఊగుతాయి, పై స్వరాలు కొంచెం గరుకెక్కుతాయి. హమ్ కూడా కాస్త పెరుగుతుంది. కాబట్టి పూర్తిగా తీసెయ్యకుండా, 22 బదులు 47 కిలో ఓములు పెట్టి చూశాను. సగం అదుపు, సగం స్వేచ్ఛ. ఈ పెట్టె వెనక ఈ స్విచ్ చూడండి, మూడు వైపులకు తిరుగుతుంది. పైకి 22, కిందికి 47, మధ్యలో ఏమీ లేదు. చర్చిలో పాటల వెనక వాయించేటప్పుడు మా వాడు 22 పెట్టుకుంటాడు. ఇంట్లో 47.

మూడో చోటు, కప్లింగ్ కెపాసిటర్లు. షాపులో కండెన్సర్ అంటే ఇస్తారు. ఒక దశ నుంచి తర్వాతి దశకు డీసీని ఆపి, శబ్దాన్ని మాత్రం పంపే గుమ్మం లాంటిది ఇది. గుమ్మం ఎంత వెడల్పు ఉందో అంత కింది స్వరం వెళ్తుంది. 6వి6 ముందు కిట్టులో 0.022 మైక్రోఫారడ్ ఉంది, దాని వెనక 220 కిలో ఓములు. 33 సైకిళ్ల దాకా అన్నిటినీ పోనిస్తుంది. గిటారులో 82 కింద స్వరమే లేదు, ఇంత వెడల్పు ఎందుకు? 0.01 పెట్టాను, 72 సైకిళ్లకు వచ్చింది. ఫీడ్‌బ్యాక్ తగ్గించినందువల్ల వచ్చిన వదులు ఇక్కడ బిగిసింది. 0.0047 కూడా పెట్టి చూశాను, 154 సైకిళ్లు. గొంతు సన్నబడింది, పద్యం కాస్తా బాలానందం పిల్లల పాటైంది. మళ్లీ 0.01కే వచ్చాను.

ఇక్కడ ఒక సూత్రం ఉంది, ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు దీన్ని బాగా పట్టుకోండి. కింది స్వరాలను, శబ్దం చిట్లి జీర పుట్టే చోటుకు ముందే తగ్గించాలి. చిట్లిన తర్వాత తగ్గిస్తే లాభం లేదు, అప్పటికే ముద్దైపోయి ఉంటుంది. బురద నీళ్లను వడకట్టాలంటే కుండలో పోసే ముందే కదా గుడ్డ కట్టేది?

చాలామంది నన్ను అడిగేది ఏమిటంటే, ఖరీదైన కెపాసిటర్లు, నూనె పోసిన పాతకాలం కెపాసిటర్లు పెడితే గొంతు బాగుంటుందా అని. నేను పెట్టి చూశాను. విలువ ఒకటే, వోల్టేజీ ఒకటే అయినప్పుడు నా చెవికి తేడా తెలియలేదు. ఆ డబ్బు స్పీకరు మీద పెట్టండి.

వాల్వులు మార్చడం గురించి త్వరగా చెబుతాను. 12ఏఎక్స్7 తీసి, అదే సాకెట్లో 5751 గానీ, 12ఏవై7 గానీ పెట్టవచ్చు. 12ఏఎక్స్7 బలం 100 అయితే 5751ది 70, 12ఏవై7ది 40ల్లో ఉంటుంది. పెట్టె లోపల టంకం పెట్టకుండా చేసుకోగల మార్పు ఇదొక్కటే. మన కరవది నుంచి వెళ్లిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం విన్నవాళ్లు ఈ గదిలో ఉన్నారు కదా? నాదస్వరం వాయించేవాళ్లు వాద్యానికి నాలుగైదు పీకలు కట్టుకుని ఉంటారు, చూశారా? ఆ రోజు గాలికి, ఆ రోజు పెదవికి ఏది పలికితే అది. వాల్వులు కూడా అట్లా పక్కన పెట్టుకోండి. కానీ 6వి6 బదులు 6ఎల్6 మాత్రం పెట్టకండి. దాని ఫిలమెంటు తాగే కరెంటు రెట్టింపు, 0.45 బదులు 0.9 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు దానికి చేసింది కాదు.

స్పీకరు దగ్గర కాసేపు ఆగాలి. నిజం చెప్పాలంటే నేను పైన చెప్పిన మార్పులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. కిట్టుతో 8 అంగుళాల స్పీకరు వచ్చింది. చిన్న డబ్బా, చిన్న గొంతు. 12 అంగుళాల గిటారు స్పీకరుకు, వెనక తెరిచి ఉన్న ప్లైవుడ్ డబ్బాకు ఇదే యాంప్లిఫైయరు తగిలించినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. అదే 5 వాట్లు. గది నిండింది.

మన ఊళ్లలో మైక్‌సెట్టు షాపుల్లో దొరికే స్పీకర్లు పెట్టవచ్చా అంటే, పెట్టి చూడండి, కానీ గిటారు స్పీకరు వేరు. గిటారు స్పీకరు 5000 సైకిళ్లు దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. అది లోపం కాదు, అదే దాని పని. చిట్లిన శబ్దంలో పైన ఎక్కడో గరగర ఉంటుంది, స్పీకరు దాన్ని వడకడుతుంది. అదే యాంప్లిఫైయరును ట్వీటర్, అంటే పై స్వరాల కోసం పెట్టే చిన్న స్పీకరు, ఉన్న డబ్బాకు తగిలిస్తే తేనెటీగలు ముసిరినట్టు ఉంటుంది. ఒకసారి మా వాడు చర్చిలో అట్లా తగిలించి, యాంప్లిఫైయరు పాడైపోయిందని ఫోన్ చేశాడు. పాడవలేదు, దాని గొంతును వడకట్టేవాళ్లు లేరక్కడ. ఇంకొకటి, ఓములు చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మరు మీద 4 ఓములు అని ఉన్న వైరుకు 4 ఓముల స్పీకరే.

ఇన్ని చెప్పాను కదా, అసలు కష్టం ఎక్కడో తెలుసా? ఒకసారికి ఒక్కటే మార్చడం. ఒక్కటే! చేతిలో టంకం కడ్డీ వేడిగా ఉంటుంది, నాలుగు కెపాసిటర్లు పక్కనే ఉంటాయి, పనిలో పనిగా అన్నీ మార్చేద్దాం అనిపిస్తుంది. మార్చారో, ఏది మంచి చేసిందో, ఏది చెడు చేసిందో ఇక ఎప్పటికీ తెలియదు. నా నోటుబుక్కులో ఒక్కో పేజీకి ఒక్కో మార్పు. తేదీ, ఆ రోజు గోడలో వోల్టేజీ, ఏం తీశాను, ఏం పెట్టాను, ఆ రాత్రి ఎలా ఉంది, మర్నాడు పొద్దున ఎలా ఉంది. రాత్రి విన్నదాన్ని నమ్మవద్దు. అలసిన చెవి కీచుతనాన్ని స్పష్టత అనుకుంటుంది. పెద్దగా ఉన్నదాన్ని బాగున్నది అనుకుంటుంది. పొద్దున లేచి కాఫీ తాగి, అదే పాట, అదే గిటారు, అదే వాల్యూమ్ దగ్గర వినండి.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. అడగమ్మా. గట్టిగా. ఆ... కంప్యూటర్లో ఇవన్నీ చేసే ప్రోగ్రాములు ఉన్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకు అంటోంది. మంచి ప్రశ్న. ఉన్నాయమ్మా, బాగానే పలుకుతాయి, నేను విన్నాను. వాయించడమే నీ పని అయితే వాటితో హాయిగా వాయించుకో. కానీ జీర ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలని నీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఆ ప్రోగ్రాములో నాబ్ తిప్పితే తెలియదు. 22 తీసి 47 పెట్టి, రెండూ నీ చెవితో విన్నప్పుడు తెలుస్తుంది. నాకు తెలుసుకోవాలని ఉంది. అరవై దాటినా ఉంది.

సరే, వాల్వులు బాగా వేడెక్కాయి. కందుకూరు అబ్బాయ్, గిటారు తీసుకుని రా. వాల్యూమ్ సగం దగ్గర ఉంది, దాన్ని ముట్టుకోకు. స్విచ్ 22 మీద పెట్టాను. ముందు వేలితో మెల్లగా మీటు. విన్నారా? ఇప్పుడు అదే తీగ గట్టిగా. ఒక్కసారిగా మారింది కదా, అదే నేను చెప్పింది. ఇప్పుడు 47కు మారుస్తున్నాను. మెల్లగా... ఇంకొంచెం గట్టిగా... ఇంకొంచెం. ఎక్కడ మొదలైంది జీర? చెప్పగలరా ఎవరైనా?

అదుగో, ఆ సన్న తీగ మీద పన్నెండో మెట్టు దగ్గర ఇంకా కొంచెం గరుకు ఉంది, నా చెవికి అది నచ్చడం లేదు. వాల్యూమ్ నాబ్ తర్వాత చిన్న కెపాసిటరు ఒకటి నేలకు కలిపి చూడాలనుకుంటున్నాను, 250 పికోఫారడ్ నుంచి మొదలుపెట్టి. ఎలక్ట్రానిక్స్ పిల్లలు ఉండండి, ఆపేసి, ఖాళీ చేసి, మీ ముందే పెడతాను. ఆ టంకం కడ్డీ ప్లగ్గు పెట్టండి ఎవరైనా.